వేలెడు గుడ్డ

బిష్కెక్ శివార్లలో, ఒక అపార్ట్‌మెంటు కింద నేలమాళిగలో
ఏడు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక కెటిల్.
నేను కత్తెర పట్టేదాన్ని.
మా కిటికీలోంచి మనుషులు కనపడరు, బూట్లు కనపడతాయి.
బూట్లకంటిన మంచును బట్టి
బయట ఎంత చలో చెప్పేస్తాను.

ఆ చలికాలమంతా మాకు ఒకటే మాట.
చేరదామా, వద్దా.
మమ్మల్నెవరూ అడగలేదనుకోండి.
అయినా అడిగినట్టే పోట్లాడుకున్నాం.

అసిల్‌కాన్ మా యజమానురాలు. దారం కొస పంటితో కొరికి
వద్దంది.
గ్వాంగ్‌జౌ నుంచి వచ్చే తాను మీద సుంకం పెరిగితే
దొర్దోయ్ బజారులో ఈ గౌను ఎవరు కొంటారు?
"పెద్దింటితో వియ్యమంటే
మర్యాదలకే మన గొర్రెలన్నీ అయిపోతాయి."

నుర్జాత్ ఒప్పుకోలేదు.
మొగుడు యెకాతెరిన్‌బుర్గ్‌లో గోడలకు పుట్టీ పెడతాడు.
నెలనెలా జీతంలో ముందు పర్మిట్ కాగితానికి కోత,
ఆ తర్వాతే రొట్టె.
"మెట్రో మెట్ల మీద పోలీసు కనపడితే
ఆయన నడక మారిపోతుందంట.
ఫోన్లో చెప్పాడు.
ఆ నడక మారకుండా ఉంటే చాలు,
మీ తాను ధర నాకెందుకు?"

ఎవరమూ మాట్లాడలేదు.
మూలనున్న మిషను మాత్రం కాసేపు
అలా కుడుతూనే ఉంది.

మెలిస్ తాత ఇస్త్రీ చేస్తాడు.
నలుగురు మహానుభావుల మొదటి అక్షరాలు కలిపి కుట్టి
వాళ్ళమ్మ పెట్టిన పేరది.
ఆ నలుగురి బొమ్మలూ గోడల మీంచి దిగిపోయాయి,
పేరు మాత్రం ఈయన దగ్గర ఉండిపోయింది.
పక్క వీధిలోనే నాలుగు వందల మిషన్ల ఫ్యాక్టరీ ఉండేదని
వెయ్యోసారి చెప్పాడు.
మధ్యాహ్నం వేడి సూపు, ఆదివారం ఇస్సిక్‌కుల్ సరస్సుకు బస్సు.
"కలుపుకునేటప్పుడు అడగలేదు.
వదిలేసేటప్పుడూ అడగలేదు."
మరి ఇప్పుడు చేరాలా వద్దా తాతా?
ఇస్త్రీపెట్టె ఎత్తాడు. ఆవిరి లేచింది.
ఆవిరి తగ్గేసరికి
కాలరు మడతలో మునిగిపోయి ఉన్నాడు.

నన్నూ అడిగారు.
నాకు తెలిసింది కత్తిరింపే.
పెద్ద ముక్కకు చిన్న ముక్క అతికేటప్పుడు
గీత మీద కత్తిరించకూడదు.
గీతకవతల వేలెడు గుడ్డ వదలాలి.
అది పైకి కనపడదు, తొడుక్కున్నవాళ్ళకి తెలియదు.
ఒళ్ళు పెరిగితే విప్పుకోవడానికి అదే,
లాగినప్పుడు పిగిలిపోకుండా పట్టుకునేదీ అదే.
పొదుపని కోసేశామా,
మొదటి ఉతుకులోనే అతుకు నోరు తెరుస్తుంది.
సంతకాలు పెట్టేవాళ్ళు దాన్ని వదిలారో లేదో
టీవీలో కనపడలేదు.
పెన్నులు కనపడ్డాయి. పూలగుత్తులు కనపడ్డాయి.

ఆగస్టులో చూ నది వంతెన దగ్గర
సుంకం గేటు ఎత్తేశారు.
నుర్జాత్ మొగుడికి పర్మిట్ బాధ పోయింది.
అదే ఏడాది రూబులు పడిపోయింది,
మిగలాల్సింది మిగల్లేదు.
"నడక?" అని అడిగాను.
"కొంచెం నయమంట," అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.
మా తమ్ముడి ఆలుగడ్డల లారీ మాత్రం
గేటు లేని చోట మూడు రోజులు ఆగింది.
సుంకం కాదట, ఈసారి తెగులు పరీక్షట.
అసిల్‌కాన్ రెండు మిషన్లు అమ్మింది. తర్వాత ఒకటి కొంది.
ఎవరి మాట నెగ్గిందంటే
ఆ లెక్క నాకింకా తేలడం లేదు.

నిన్న నోవొసిబిర్‌స్క్ నుంచి ఆర్డరొచ్చింది:
బడిపిల్లల స్కర్టులు, మూడు వందలు.
లోపల లేబులుండాలట, ఏ దేశంలో కుట్టారో రాసి.
పట్టీ వెడల్పు రెండు సెంటీమీటర్లు.
"మీ పేరు పొడుగు. అక్షరాలు చిన్నవి చేస్తే పడుతుంది,"
అన్నాడు ప్రింటింగు కుర్రాడు.
కుట్టేది పక్క అతుకు లోపల,
ఆ వేలెడు గుడ్డ మీదే.

మూడు వందలకీ కలిపి ఆరు మీటర్లు దండగని
అసిల్‌కాన్ లెక్క చూపించింది.
"సన్నగా వదులు," అంది.

సుద్దముక్క నా చేతిలో ఉంది.
కిటికీలో బూట్లు వెళుతున్నాయి,
ఇవాళ మంచు లేదు, బురద.